వస్తోందండీ!

హోటలులో పెసరట్టు చెప్పి, ఒక పావుగంట కూర్చుని, అటుగా పోతున్న సర్వరును పిలిచి, "ఏమయ్యా, నా పెసరట్టు ఏమైంది?" అని అడిగి చూడండి. "వస్తోందండీ!" అంటాడు. వ్యాకరణం ప్రకారం ఇది వర్తమానకాలం. అంటే ఆ క్షణాన పెసరట్టు వంటింటినుంచి బయలుదేరి దారిలో వున్నదన్నమాట. కాని తెలుగునాట హోటలులో తిన్న అనుభవం వున్నవారెవరూ ఆ మాటను అలా అర్థం చేసుకోరు. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతోపాటు తద్ధర్మం అని ఇంకొకటి చెప్పాడు. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నట్టు, ఫలానా వేళ అనే కట్టుబాటు లేకుండా స్వభావాన్ని చెప్పే క్రియ అది. సర్వరు నోటి "వస్తోందండీ" రూపంలో వర్తమానమేగాని అర్థంలో తద్ధర్మం. రావడం పెసరట్టుకు స్వభావం. ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ఇలాంటి హోటలు మన వూళ్లలో దాదాపు పేటకొకటి వుంటుంది. బోర్డుమీద రంగు వెలిసి అక్షరాలు సగం కనిపించవు. బల్లలు పదికి మించవు. గోడమీద వేంకటేశ్వరస్వామి పటం, దానికింద గల్లాపెట్టె, గల్లాపెట్టె వెనుక యజమాని. వంట అమోఘం. వడ్డన మాత్రం, మనం చూస్తూ వుండగానే గడియారంలో పెద్దముల్లు అర్ధచంద్రం గీసేస్తుంది. అయినా ఆదివారం ఉదయం ఏడున్నరకల్లా భార్యాబిడ్డలతో, ఒక్కొక్కప్పుడు వూరినుంచి వచ్చిన అత్తగారితో సహా, జనం బయట అరుగుమీద కూర్చుని వుంటారు. లోపలివాళ్లు ఎప్పుడు లేస్తారా అని వీళ్లూ, తమ అట్టు ఎప్పుడు వస్తుందా అని వాళ్లూ. మా పేటలోనూ అటువంటిది ఒకటి వున్నది. పేరు చెప్పను. చెబితే ఇంకో పదిమంది వస్తారు. నా పెసరట్టు మరీ ఆలస్యమవుతుంది.

అసలు ఆ పెసరట్టు సంగతి చెప్పకపోతే, బుద్ధిమంతులైన ఇంతమంది సెలవురోజు పొద్దున్నే అరుగెక్కి ఎందుకు కూర్చుంటారో బోధపడదు. అంచులు సన్నని చిల్లులతో లేసు అల్లినట్టు వుండి, తుంపగానే చిటుక్కుమంటాయి. మధ్యకు పోయేకొద్దీ మెత్తన. వేగిన వైపు బంగారు రంగు, లోపలి వైపు పెసరపొట్టు తాలూకు లేతాకుపచ్చ. పైన చల్లిన ఉల్లిపాయ సగం వేగి సగం పచ్చిగా వుండి తియ్యగా తగులుతుంది. జీలకర్ర పంటికింద పడి తన వునికి చెప్పుకుంటుంది. పక్కన అల్లప్పచ్చడి, అందులో అల్లం ఘాటు, చింతపండు పులుపు, బెల్లం తీపి దేనికది నిలబడి వుంటుందేగాని ఒకదాన్నొకటి మింగెయ్యదు. అడిగితే లోపల ఉప్మా పెట్టి మడిచి ఇస్తారు. హైదరాబాదులో శాసనసభ్యుల నివాసాల పేరు చెప్పి దీన్ని ఎమ్మెల్యే పెసరట్టు అంటారుగాని, మా పేటలో ఆ బిరుదు లేకుండానే చెల్లుబాటవుతున్నది.

ఇంత బాగా చేసేవాడు ఆలస్యం ఎందుకు చేస్తాడు? ఎదురు చూసేవారిలో నూటికి తొంభైమంది చెప్పే సమాధానం ఒకటే: బద్ధకం, లేదా పొగరు. "జనం ఎలాగూ వస్తారనే ధీమా అండీ!" అంటారు. నేను దీనితో ఏకీభవించను. ఆలస్యాలు రెండు రకాలు. ఒకటి పెనందగ్గర పుట్టేది, రెండోది బల్లదగ్గర పుట్టేది. మొదటిది రుచిలో భాగం. దాన్ని తీసేస్తే రుచికూడా పోతుంది. రెండోది ఒట్టి లోపం, దాన్ని సరిచేసుకోవచ్చు. మనం రెండింటినీ ఒకే గాటన కట్టి, రెండింటికీ కలిపి ఆ సర్వరును తిడుతూ వుంటాం.

మొదట పెనం సంగతి. మినప అట్టు పిండి రాత్రి రుబ్బి పెడితే తెల్లవారేసరికి పులిసి సిద్ధంగా వుంటుంది. పెసరట్టుకు ఆ సదుపాయం లేదు. పెసలు నాలుగైదు గంటలు నానాలి, గుప్పెడు బియ్యంతో, అల్లం, పచ్చిమిరపతో రుబ్బాలి, రుబ్బిన పిండి ఆ పూటే అయిపోవాలి. వేసవిలో అయితే కొన్ని గంటలకే పిండి పులిసి, ఆ పచ్చిపెసల వాసన పోయి వేరే రుచి వస్తుంది. అందుకని ఎరిగినవాడు ఒక్కసారే గంగాళం నిండా రుబ్బి పెట్టుకోడు. తెల్లవారుజామున ఒక దఫా, ఎనిమిదింటికి ఇంకో దఫా రుబ్బుతాడు. రెండో దఫా గ్రైండరులో తిరుగుతున్నప్పుడు మీరు వెళ్లి కూర్చున్నారంటే అది మీ జాతకం.

తరువాత నిప్పు. అట్టు పోసే ఆయన పెనంమీద చేత్తో నీళ్లు చిలకరించడం మీరు చూసే వుంటారు. నీటిబొట్లు చుంయిమని ఆవిరైపోతే వేడి సరిపోయింది. అలా కాక ముత్యాల్లా వుండలుగట్టి అటూ ఇటూ పరుగులు తీస్తే పెనం మితిమీరి కాలిందన్నమాట. నీటిబొట్టు అడుగున ఆవిరి పొర ఏర్పడి దాన్ని పెనానికి తగలకుండా ఎత్తిపట్టుకుంటుంది. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లో ఈ వింతను గురించి గ్రంథమే రాశాడు. మన అట్లవాళ్లు ఆ గ్రంథం చూడకుండానే ఆ సంగతి గ్రహించి, ఇంకో దోసెడు నీళ్లు చల్లి పెనాన్ని చల్లారుస్తారు. మరీ కాలిన పెనంమీద పిండి పరుచుకోదు, గరిటెతోపాటు లేచివస్తుంది. సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి తుడిచి, అప్పుడు పోస్తారు.

పోసిన తరువాత ఎవరు తొందరపెట్టినా లాభంలేదు. పిండిలో నీరు వున్నంతసేపూ అట్టు వేడి నీరు మరిగే 100 డిగ్రీలు దాటదు. నీరంతా ఆవిరైన చోటనే వేడి పైకి ఎక్కి రంగు తిరగడం మొదలవుతుంది. ఆ రంగు, ఆ వాసన పిండిలోని మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి మారడంవల్ల వస్తాయి. మెయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1912లో ఈ మార్పును వివరించాడు. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా వుంటుంది. మూత పెట్టి వుడికిస్తే త్వరగా అవుతుందిగాని మెత్తగా, ఆవిరికుడుములా తయారవుతుంది. కరకరలాడాలంటే నీరు పోవాలి. నీరు పోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అట్టు తీసిన తరువాత పెనం మళ్లీ వేడి పుంజుకోవడానికి, తుడవడానికి ఇంకో నిమిషం.

ఇక లెక్క చూడండి. మా హోటలు పెనంమీద ఒక వాయకు నాలుగు అట్లు పడతాయి. వాయకు అయిదు నిమిషాలు. పది బల్లలు, బల్లకు నలుగురు, మొత్తం నలభైమంది. అందరూ ఒకేసారి వచ్చి తలా ఒకటి చెబితే పది వాయలు. పదో వాయలో వున్నవాడికి అట్టు వచ్చేసరికి 50 నిమిషాలు. ఎవడూ బద్ధకించలేదు, ఎవడూ బీడీ కాల్చుకోవడానికి వెళ్లలేదు. అదే ఇడ్లీ అయితే, పాత్రలో పెట్టి మూతవేస్తే ఒక్క వాయకు నలభై దిగుతాయి. అందుకే ఇడ్లీ చెప్పినవాడు తిని, చెయ్యి కడుక్కుని, కాఫీ తాగి వెళ్లిపోతూ పెసరట్టువాడివంక జాలిగా చూస్తాడు.

మన పూర్వులకు ఈ ఎదురుచూపు ఈ రూపంలో లేదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో తిరిగే మంచనశర్మ, టిట్టిభసెట్టి కథ వుందిగదా. అందులో పూటకూళ్లింటి భోజనం ప్రసక్తి వస్తుంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, చక్కెర, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్లు, గడ్డపెరుగు, అన్నీ కలిపి ఒక్క రూకకు. ధర చూసి నోరు వూరడం సహజమేగాని నేను చెప్పదలచింది వేరు. అక్కడ "మీకేం కావాలండీ?" అని అడిగేవారు లేరు. ఏది వండారో అది అందరికీ. పూటకు కూడు పెట్టే ఇల్లు కనుక పూటకూళ్లిల్లు. కన్యాశుల్కంలో గిరీశం వెనుక చీపురుకట్టతో పడ్డ పూటకూళ్లమ్మ వంటయినా అంతే. అన్నీ వండి దించాక విస్తళ్లు వేస్తారు, పంక్తి కూర్చుంటుంది. వేచివుండటం వుంటే మొదటి పంక్తి లేచేవరకే. ఎవరికి కావలసింది వారు కోరుకుని, ఎవరిది వారికి వేడివేడిగా కావాలన్న హోటలు మర్యాద వచ్చాకనే ఈ ఎదురుచూపు కూడా వచ్చింది. కోరుకునే హక్కు ఒక చేత్తో తీసుకుని రెండో చేత్తో గడియారం చూపిస్తే ఎలా?

పైగా మన కోరికలు సామాన్యమైనవా! ఒక కుటుంబం వచ్చి కూర్చుంటుంది. అయ్యగారికి ఉల్లి, అల్లం దండిగా. అమ్మగారికి శనివారం కనుక ఉల్లి లేకుండా. పెద్దవాడికి ఉప్మాతో. చిన్నదానికి కారంలేకుండా చిన్నది, నూనె తక్కువ. పచ్చిమిరప పిండిలోనే రుబ్బారని చెబితే అమ్మాయి మొహం ముడుచుకుంటుంది. అప్పుడు దానికి మినప అట్టు. పెనంమీద నాలుగూ ఒకటే అయితే చెయ్యి తన దారిన తాను నడిచిపోతుంది. నాలుగూ నాలుగు రకాలైతే ప్రతిదానికీ ఆగి, గుర్తు చేసుకుని, పెనం తుడిచి పొయ్యాలి. వాయకు రెండు నిమిషాలు ఎక్కువ. దానివల్ల ఆలస్యమయ్యేది ఆ కుటుంబానికి కాదు, వెనుక బల్లవాళ్లకు.

వెనుకటిలో డెన్మార్కులో ఎర్లాంగ్ అని ఒక గణితజ్ఞుడు వుండేవాడు. కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తూ, ఫోనులు ఎప్పుడు ఎన్ని వస్తాయో, ఎంతసేపు ఆగవలసివస్తుందో లెక్కకట్టి 1909లో ప్రచురించాడు. ఆ బీజంనుంచే వరుసల గణితం ఒక శాస్త్రంగా పెరిగింది. అందులో ఒక విచిత్రం వున్నది. ఒక్క పెనం, ఒకసారికి ఒక్క అట్టు, సగటున నాలుగు నిమిషాల పని అనుకోండి. మనుషులు వేళాపాళా లేకుండా వస్తూ వుంటారు, పనికూడా ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పడుతూ వుంటుంది. పెనం నూటికి 80 వంతులు పనిలో వుంటే సగటున 16 నిమిషాలు ఆగాలి. 90 వంతులైతే 36 నిమిషాలు. 95 వంతులైతే 76. మనుషులు నాలుగోవంతైనా పెరగలేదు, ఎదురుచూపు మాత్రం నాలుగున్నర రెట్లకు పైన పెరిగింది. శుక్రవారం పది నిమిషాల్లో పెట్టినవాడు ఆదివారం గంట ఎందుకు చేస్తాడని అడిగేవారికి జవాబు ఇదే.

ఇప్పుడు దీనికి కొత్తగా ఒక చిక్కు తోడయింది. వెనుక అయితే మీకు ముందు ఎందరు వున్నారో కళ్లతో లెక్కపెట్టుకునేవారు. ఇప్పుడు సగంమంది కనిపించరు. ఇంట్లో మంచంమీద కూర్చుని ఫోనులో నొక్కుతారు; గల్లాపెట్టె పక్కనున్న యంత్రం కుయ్యిమంటుంది; రంగు చొక్కాలు వేసుకున్న కుర్రవాళ్లు గుమ్మంలో నిలబడి వుంటారు. వాళ్లకూ గడువులున్నాయి, పాపం. అయిదు బల్లలే నిండి వున్నాయిగదా అని మీరు ధైర్యంగా కూర్చుంటారు, కాని మీకు ముందు ఇరవై అట్లు వున్నాయి. ఇంతా చేసి ఆ అట్టు డబ్బాలో తన ఆవిరికి తానే మెత్తబడి, గమ్యం చేరేసరికి తడిగుడ్డలా వుంటుంది. అక్కడివాడు బాగాలేదంటాడు, ఇక్కడివాడు ఆలస్యమంటాడు. మా హోటలు యజమాని కొన్నాళ్లు ఓర్చి, ఆదివారాలు ఉదయం పదింటివరకు ఆ యంత్రం ఆపివేశాడు. అమ్మకం తగ్గింది. ఆయన చెయ్యి గల్లాపెట్టెమీద ఆడే తీరు చూస్తే ఎంత తగ్గిందో కొంత వూహించవచ్చు.

బల్లదగ్గర పుట్టే ఆలస్యం మాత్రం నేను సమర్థించను. కూర్చున్న పదినిమిషాలవరకు మంచినీళ్లు రాకపోవడం, చెప్పింది మరిచిపోవడం, మన తరువాత వచ్చినవాడికి ముందు పెట్టడం, తిన్నాక బిల్లుకోసం ఇంకో పావుగంట, ఇవన్నీ పెనం తప్పులు కావు. పెసరట్టుకు అరగంట పడుతుందండీ, ఈలోగా ఇడ్లీ తింటారా అని మొదటే చెబితే సగం కోపం అక్కడే చల్లారుతుంది. ఆ ఒక్క మాట చెప్పడానికి మన హోటళ్లకు ఎందుకో నోరు రాదు. చెబితే లేచిపోతారేమోనని భయం కాబోలు.

కాని సర్వరువైపునుంచి కూడా చూడాలి. వెనుకటి రోజుల్లో బల్లలు తుడవడానికి, నీళ్లు పెట్టడానికి చిన్న చిన్న కుర్రవాళ్లు వుండేవారు. బడిలో వుండవలసిన పిల్లలు. 14 ఏళ్లలోపువారిని హోటళ్లలో పనికి పెట్టకూడదని 2006 అక్టోబరు 10నుంచి నిషేధం వచ్చింది. చాలా మంచి పని. అయితే ఆ పిల్లలు చేసిన పనికి పెద్దవాళ్లను పెట్టుకున్న హోటళ్లు ఎన్ని? ఉన్నవాళ్లకే ఆ పనికూడా అంటగట్టారు. మా హోటలులో ఇద్దరే సర్వర్లు. ఆదివారం ఒక్కొక్కరికి అయిదు బల్లలు. కాగితం, పెన్సిలు లేకుండా ఇరవైమంది కోరికలు బుర్రలో పెట్టుకుని వంటింటి గుమ్మంలో ఏకరువు పెడతారు. మా తరగతిలో ఆ ధారణ వున్న విద్యార్థి ఒక్కడు దొరికితే అష్టావధానానికి కూర్చోబెడదును. అటువంటివాణ్ణి పట్టుకుని, నా కళ్లముందే ఒక పెద్దమనిషి, అట్టు ఆలస్యమైనందుకు అందరిలో నానామాటలూ అన్నాడు. పెనం లోపల వుంది, యజమాని గల్లాపెట్టె వెనుక వున్నాడు, అందిన వాడు సర్వరు. మరుసటివారం ఆ అబ్బాయి కనిపించలేదు. కొత్తగా వచ్చినవాడికి ఉల్లి పెసరట్టుకూ అల్లం పెసరట్టుకూ తేడా తెలియడానికే నెల పట్టింది. ఆ నెలంతా మాకు ఆలస్యం రెట్టింపయింది. తిట్టిన ఆయనకు కూడా.

ఆలస్యం లేకుండా చేసే ఉపాయాలు లేకపోలేదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు 1948లో తమ హోటలు కొన్నాళ్లు మూసి, కార్లదగ్గరకు తెచ్చిపెట్టే సర్వర్లను మాన్పించి, పదార్థాల పట్టిక తొమ్మిదింటికి కుదించి, అందరికీ ఒకే తీరుగా ముందే చేసి పెట్టే పద్ధతి తెచ్చారు. తెరిచాక క్షణాల్లో చేతికిచ్చారు. మన పూటకూళ్లమ్మ పద్ధతే అది, విస్తరి లేదంతే. మా వూళ్లోనూ ఇంకొక హోటలువారు ఆలస్యం మీద ఫిర్యాదులు పడలేక ఒక ఉపాయం పన్నారు. తెల్లవారకుండానే వంద అట్లు అరకొరగా కాల్చి దొంతర పెట్టి, అడిగినప్పుడు ఒకటి తీసి పెనంమీద వెచ్చచేసి ఇవ్వడం. మూడు నిమిషాల్లో బల్లమీదికి వచ్చేది. అందరూ మెచ్చుకున్నారు, ఒక నెల. తరువాత మెల్లిగా జనం తగ్గారు. ఎందుకు తగ్గారో మానినవారికే స్పష్టంగా తెలియదు; "ఏమో, మునుపటిలా లేదండీ" అనేవారు. ఇప్పుడు ఆ చోట సెల్‌ఫోనులు బాగుచేసే దుకాణం వున్నది.

రెండో పెనం వేయవచ్చుగదా అని మా యజమానిని అడిగాను. పెనానికేం, బజారులో దొరుకుతుంది, మనిషి ఏడీ అన్నాడు. అట్లు పోసే ఆయన ఆ పొయ్యిముందు నిలబడబట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. ఎడమచెయ్యి మోచేతివరకు సెగకు కమిలి నల్లబడింది. మోకాళ్లు సహకరించడం లేదు. స్టూలు వేసుకోమంటే, కూర్చుంటే చెయ్యి తిరగదంటాడు. కొడుకులిద్దరూ చదువుకుని వేరే వుద్యోగాల్లో వున్నారు. ఆయన తరువాత ఎవరన్న ప్రశ్న యజమాని నోటినుంచి రాలేదుగాని, కాసేపు వూరకున్నాడు.

ఈ మధ్య ఆయన మేనల్లుడు వచ్చి చేరాడు. మొదటి మూడు నెలలూ పిండి కలపడం, ఉల్లిపాయలు తరగడం, మధ్యాహ్నం పనివాళ్లకు మాత్రం అట్లు పోయడం. ఇప్పుడు పక్కన ఒక చిన్న పెనం పెట్టి ఇచ్చారు. రెండేసి పడతాయి. నేను తిని చూశాను. మధ్య బాగానే వుంది, ఉప్పు సరిగ్గా వుంది. అంచు ఇంకా మందం, గరిటె తిప్పడంలో చివరి చుట్టుకు చెయ్యి బిగబట్టుకుపోతున్నది. మేనమామ పక్కనుంచి ఒక్క మాటా అనడు. తన పెనంమీద నీళ్లు చిలకరిస్తూ, కుర్రవాడు అట్లకాడ ఎప్పుడు దూరుస్తాడో ఓరగా చూస్తూ వుంటాడు. సర్వరు ఇప్పుడు బల్లదగ్గరకు వచ్చి, చిన్న పెనానిదైతే పది నిమిషాలు, పెద్ద పెనానిదైతే నలభై అని ముందే చెబుతున్నాడు. పోయిన ఆదివారం నేను వున్నంతసేపట్లో చిన్న పెనానిది చాలునన్నవి మూడు బల్లలు. వాటిలో ఒకటి మాది.